కార్ట్రిడ్జ్, టర్న్‌టేబుల్ జోడీ ఎలా కుదుర్చుకోవాలి: ఎంఎం, ఎంసీ, బెల్ట్, డైరెక్ట్ డ్రైవ్

మంచి వినైల్ సెట్ కొనాలనుకునేవాళ్లు రెండు ప్రశ్నల దగ్గర నెలల తరబడి ఆగిపోతారు. కార్ట్రిడ్జ్ (గాడిని సూదితో చదివి విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఎంఎం, అంటే మూవింగ్ మ్యాగ్నెట్ తీసుకోవాలా, ఎంసీ, అంటే మూవింగ్ కాయిల్ తీసుకోవాలా? టర్న్‌టేబుల్ బెల్ట్‌దా, డైరెక్ట్ డ్రైవా? నిజానికి ఈ రెండూ ఆఖర్న తేల్చుకోవాల్సినవి. ముందు తేలాల్సిన సంగతులు వేరే ఉన్నాయి:

- టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే కడ్డీ) బరువుకూ కార్ట్రిడ్జ్ మెత్తదనానికీ పొత్తు కుదురుతుందా?
- సూది మొన ఏ ఆకారంలో ఉంది?
- ఫోనో స్టేజ్‌కు (కార్ట్రిడ్జ్ ఇచ్చే చిన్న సంకేతాన్ని పెంచే పెట్టెకు) ఆ కార్ట్రిడ్జ్‌ని మోసే సత్తా ఉందా?
- సూది అరిగితే ఏం చేయాలి? సూది ఒక్కటే మారుతుందా, మొత్తం కార్ట్రిడ్జ్ పోతుందా?
- సెటప్ ఎవరు చేస్తారు, ఎంత కచ్చితంగా చేస్తారు?

వీటికి జవాబులు దొరికేసరికి జాబితాలో సగం పేర్లు వాటంతటవే రాలిపోతాయి.

## ఆర్మ్, కార్ట్రిడ్జ్: గంతకు తగ్గ బొంత

కార్ట్రిడ్జ్ లోపల సూదిని మోసే సన్నటి కాంటిలీవర్ ఒక చిన్న రబ్బరు ముక్క మీద ఆని ఉంటుంది. ఆ రబ్బరు స్ప్రింగు పని చేస్తుంది. ఆర్మ్, కార్ట్రిడ్జ్, స్క్రూలు అన్నీ కలిసి ఆ స్ప్రింగు మీద బరువు. స్ప్రింగూ బరువూ కలిస్తే వాటికో సహజ కంపనం తప్పదు. రికార్డు వంకర వల్ల వచ్చే కదలిక చాలావరకు 6 హెర్ట్జ్ లోపు ఉంటుంది, సంగీతం 20 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. కాబట్టి ఈ కంపనం రెండింటి మధ్య, 8 నుంచి 12 హెర్ట్జ్ లోపల పడాలి.

లెక్క ఇదీ: 159 ÷ √(మొత్తం బరువు గ్రాముల్లో × కంప్లయన్స్). కంప్లయన్స్ అంటే ఆ రబ్బరు స్ప్రింగు మెత్తదనం, జవాబు హెర్ట్జ్‌లో వస్తుంది.

ఇక్కడ ఆర్మ్ బరువంటే తూకం మీద పెడితే వచ్చేది కాదు. ఆర్మ్ కదిలేటప్పుడు సూదికి తెలిసే బరువు. స్పెసిఫికేషన్లలో దాన్ని ఎఫెక్టివ్ మాస్ అంటారు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఆర్మ్‌ది 12 గ్రాములు, రేగా ఆర్బీ330ది 11 గ్రాముల చుట్టూ ఉంటుంది. స్క్రూలకు 0.8 గ్రాము కలిపితే ఇలా వస్తుంది:

| జోడీ | మొత్తం బరువు | కంప్లయన్స్ | కంపనం | తీర్పు |
|---|---|---|---|---|
| 12 గ్రాముల ఆర్మ్ + ఆర్టోఫోన్ 2ఎం రెడ్ (7.2 గ్రా) | 20 గ్రా | 20 | 8 హెర్ట్జ్ | కింది అంచున ఉంది, నడుస్తుంది |
| 20 గ్రాముల ఆర్మ్ + 2ఎం రెడ్ | 28 గ్రా | 20 | 6.7 హెర్ట్జ్ | వంకర రికార్డుల మీద ఇబ్బంది |
| 12 గ్రాముల ఆర్మ్ + డెనాన్ డీఎల్-103 (8.5 గ్రా) | 21.3 గ్రా | సుమారు 9 | 11.5 హెర్ట్జ్ | బాగుంది |
| 7 గ్రాముల ఆర్మ్ + డీఎల్-103 | 16.3 గ్రా | సుమారు 9 | 13 హెర్ట్జ్ | ఆర్మ్ మరీ తేలిక |

డీఎల్-103 వరసలో ఒక మెలిక ఉంది. డెనాన్ కాగితం మీద కంప్లయన్స్ 5 అనే ఉంటుంది. అది 100 హెర్ట్జ్ దగ్గర కొలిచిన అంకె. జపాన్ కంపెనీలు చాలావరకు అలాగే ఇస్తాయి, పై లెక్కకు కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరి అంకె. ఆ 5ను ఒకటిన్నర నుంచి రెండు రెట్లు చేసుకోవాలి. ఇది తెలియక 5తోనే లెక్కేసి, "ఈ కార్ట్రిడ్జ్‌కి 30 గ్రాముల ఆర్మ్ కావాలి" అని భయపడి వదిలేసినవాళ్లు కొందరైతే, అదే తప్పు లెక్కతో హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్ బిగించే భాగం) మీద సీసం ముక్కలు అతికించినవాళ్లు ఇంకొందరు.

కంపనం మరీ కిందికి జారితే వూఫర్ కోన్లు పాట లేకపోయినా ముందుకూ వెనక్కీ ఊగుతుంటాయి. యాంప్లిఫయర్ శక్తి దానికే పోయి, కింది స్వరాలు ముద్దగా వినిపిస్తాయి. మరీ పైకి పోతే బేస్ కింది అంచు ఉబ్బుతుంది, ఆర్మ్‌లోని గొట్టం తాలూకు ధ్వని సంగీతంలోకి చొరబడుతుంది. 7 దగ్గరో 13 దగ్గరో పడిందని జోడీని కొట్టిపారేయక్కర్లేదు. 5 అయినా 16 అయినా మాత్రం ఆలోచించకుండా వదిలేయాలి.

## సూది మొన: అసలు తేడా ఇక్కడే

పేరు చూసి ఎంసీ కొనడం కన్నా మొన చూసి ఎంఎం కొనడం మేలు. ఎందుకో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. 33⅓ వేగంతో తిరిగే ఎల్పీలో బయటి గాడి సూది కింద సెకనుకు అర మీటరు చొప్పున కదులుతుంది. లోపలి చివరికి వచ్చేసరికి అది సుమారు 0.21 మీటరుకు పడిపోతుంది. అంటే 10 కిలోహెర్ట్జ్ స్వరం తాలూకు ఒక అల బయట 51 మైక్రాన్ల పొడవుంటే, లోపల 21 మైక్రాన్లే. గుండ్రటి కోనికల్ మొన వ్యాసార్థం 15 మైక్రాన్లు. 21 మైక్రాన్ల అలలోకి ఆ మొన దిగలేదు, పైపైన దాటేస్తుంది. ప్రతి వైపు ఆఖరి పాటలో "స", "శ" అక్షరాలు ఉమ్మినట్టు చీలిపోవడానికి తరచూ ఇదే కారణం.

| మొన | గాడిని చదివే అంచు | ఆడియో-టెక్నికా చెప్పే ఆయుష్షు | సెటప్‌లో తప్పును ఓర్చుకునే గుణం |
|---|---|---|---|
| కోనికల్ | 15 మైక్రాన్లు | 500 గంటలు | చాలా ఎక్కువ |
| ఎలిప్టికల్ | 8 మైక్రాన్లు | 300 గంటలు | మధ్యస్థం |
| షిబాటా | 7 మైక్రాన్లు | 800 గంటలు | తక్కువ |
| మైక్రోలైన్ | 3 మైక్రాన్లు | 1000 గంటలు | తక్కువ |

ఈ పట్టికలో చాలామందికి వింతగా తోచేది ఎలిప్టికల్ వరస. కోనికల్ కన్నా మెరుగ్గా చదువుతుంది కానీ గాడిని తాకే చోటు చిన్నది, ఒత్తిడంతా అక్కడే పడి త్వరగా అరుగుతుంది. షిబాటా, మైక్రోలైన్ మొనలు గాడి గోడను నిలువుగా పొడవాటి గీతలా తాకుతాయి. ఒత్తిడి పంచుకోబడుతుంది కాబట్టి సన్నగా చదువుతూనే ఎక్కువ కాలం మన్నుతాయి. షిబాటా మొన పుట్టింది 1970ల మొదట్లో, జేవీసీ వారి నాలుగు ఛానెళ్ల సీడీ-4 రికార్డుల కోసం. 30 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉండే క్యారియర్ సంకేతాన్ని మామూలు మొన చదవలేకపోవడమే దాని పుట్టుకకు కారణం.

రోజుకు గంటన్నర వినే ఇంట్లో 300 గంటల సూది ఏడు నెలలు నిండకుండానే అయిపోతుంది. 1000 గంటలది రెండేళ్ల దగ్గరికి లాగుతుంది. కాబట్టి ధర చూసేటప్పుడు గంటకు ఎంత పడుతుందో భాగించి చూడండి. ఎక్కువసార్లు మైక్రోలైనే చౌక తేలుతుంది.

వజ్రం పూర్తిగా ఒకే ముక్కా, లోహపు కాడ చివర అతికించిందా అన్నది కూడా చూసుకోవాలి. ఒకే ముక్క అయితే కదిలే బరువు తగ్గుతుంది. ఆర్టోఫోన్ 2ఎం వరసలో రెడ్‌కు అతికించిన ఎలిప్టికల్, బ్లూకు ఒకే ముక్క ఎలిప్టికల్, బ్రాంజ్‌కు ఫైన్ లైన్, బ్లాక్‌కు షిబాటా. రెడ్, బ్లూ సూదులు ఒకదాని ఒంటికి ఇంకొకటి సరిపోతాయి. బ్రాంజ్, బ్లాక్ రెండూ మరో జత. రెడ్ కొని రేపు బ్లూ సూది వేసుకోవచ్చు, కానీ ఆ మెట్లు ఎక్కుతూ బ్లాక్ దాకా పోవాలంటే కార్ట్రిడ్జ్ ఒళ్లే మారాలి. ఆడియో-టెక్నికా వీఎం95 వరసలో ఆ చిక్కు లేదు. కోనికల్ నుంచి షిబాటా వరకు ఎల్పీ సూదులన్నీ, 78 వేగం రికార్డుల సూదితో సహా, ఒకే ఒంటికి ఎక్కుతాయి.

## ఎంఎం, మూవింగ్ ఐరన్, ఎంసీ

ఎంఎం. కాంటిలీవర్ వెనక అయస్కాంతం కదులుతుంది, చుట్లు కదలవు. చుట్లు ఎక్కువ కాబట్టి 3 నుంచి 5.5 మిల్లీవోల్టుల దాకా ఇస్తుంది. సూది లాగి కొత్తది దూర్చుకోవచ్చు. దీని బలహీనత చుట్ల ఇండక్టెన్సు. వైర్ల కెపాసిటెన్సుతో అది కలిసి పైస్వరాల్లో మూపురం తెస్తుంది. వీఎం95 ఒంటిలో 550 మిల్లీహెన్రీలు ఉంటాయి. మొత్తం కెపాసిటెన్సు 200 పీకోఫారడ్లయితే ఆ మూపురం 15 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుంది, 400 అయితే 10.7 కిలోహెర్ట్జ్‌కు దిగివస్తుంది. మొదటిది పెద్దగా చెవికి తెలియదు. రెండోది తాళాల మోతను గరుగ్గా మార్చి, ఆపైన ఉన్నదంతా కోసేస్తుంది. ఆడియో-టెక్నికా 100–200 చాలంటుంది. ఆర్మ్ వైరు, బయటి కేబుల్, ఫోనో స్టేజ్ ఇన్‌పుట్ మూడూ కూడితే 200 దాటడం చాలా తేలిక. "ఈ కార్ట్రిడ్జ్ గొంతు గరుకు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ముద్దాయి కేబులే.

మూవింగ్ ఐరన్. అయస్కాంతం, చుట్లు రెండూ కదలవు, మధ్యలో చిన్న లోహపు ముక్క కదులుతుంది. గ్రాడో, నగావోకా, సౌండ్‌స్మిత్ ఈ దారిలో వెళ్లాయి. ధ్వని నునుపు, మధ్యస్వరాలు నిండుగా ఉంటాయి. గ్రాడోలో చుట్లకు సరైన కవచం ఉండదు కాబట్టి కొన్ని టర్న్‌టేబుళ్ల మీద, ముఖ్యంగా పాత రేగాల మీద, ఆర్మ్ లోపలికి వెళ్లేకొద్దీ మోటారు హమ్ పెరుగుతుంది. కొనేముందు అదే జోడీ వాడినవాళ్లను అడగడం మంచిది.

తక్కువ అవుట్‌పుట్ ఎంసీ. ఇక్కడ కదిలేది చుట్లు. చిన్నవి, తేలికైనవి. అవుట్‌పుట్ 0.2–0.5 మిల్లీవోల్టులు. ఇండక్టెన్సు దాదాపు లేనట్టే కాబట్టి కేబుల్ గొడవ ఉండదు. గాయకుడి గొంతు చివర, తీగ మీటిన మొదట వినిపించే చిన్న చిన్న వివరాలు బాగా విడివిడిగా వస్తాయి. బదులుగా మంచి ఫోనో స్టేజ్ కావాలి. సూది అరిగితే విడిగా మారదు. కంపెనీకి పంపి కొత్తది మార్పిడి చేసుకోవాలి, లేదా రీటిప్ చేసేవాళ్లకు, అంటే కొత్త మొన పెట్టేవాళ్లకు ఇవ్వాలి. ఆడియో-టెక్నికా ఓసీ9ఎక్స్ఎంఎల్ (0.4 మిల్లీవోల్టులు, బోరాన్ కాంటిలీవర్, మైక్రోలైన్ మొన) ఎంసీలోకి దిగడానికి నిలకడైన మెట్టు. డీఎల్-103 జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960లలో రూపొందింది. మొన కోనికలే, అయినా దాని నిండుదనం ఇష్టపడేవాళ్లు దాన్ని వదలరు. పైస్వరాల చివరి వివరం దాని దగ్గర ఆశించకూడదు.

ఎక్కువ అవుట్‌పుట్ ఎంసీ. 1.5–2.5 మిల్లీవోల్టులు. ఎంఎం ఇన్‌పుట్‌కే పెట్టుకోవచ్చు. చుట్లు పెంచారు కాబట్టి ఎంసీకి ఉన్న తేలిక కొంత పోతుంది, సూది మార్చుకునే ఎంఎం సౌకర్యం రాదు. ఫోనో స్టేజ్ మార్చే వీలు అసలే లేనివాళ్లకు తప్ప దీన్ని సిఫారసు చేయడం కష్టం.

## ఫోనో స్టేజ్ మోయగలదా?

ఎంఎంకు 40 డీబీ, అంటే 100 రెట్లు పెంపు సరిపోతుంది. 5 మిల్లీవోల్టులు అర వోల్టు అవుతాయి. 0.3 మిల్లీవోల్టుల ఎంసీకి 60 డీబీ, అంటే 1000 రెట్లు ఇస్తే 0.3 వోల్టు వస్తుంది. అన్నిరెట్లు పెంచినప్పుడు ఫోనో స్టేజ్ సొంత రొద కూడా పెరుగుతుంది. వాల్యూమ్ మీరు వినే చోట పెట్టి, సూది ఎత్తి ఉంచి, కూర్చునే చోటు నుంచి వినండి. హుష్షుమనే శబ్దం అక్కడిదాకా వస్తే ఆ స్టేజ్ ఎంసీకి పనికిరాదు.

లోడు (కార్ట్రిడ్జ్‌కి ఎదురుగా ఫోనో స్టేజ్ ఇన్‌పుట్ చూపే నిరోధం) విషయంలో కార్ట్రిడ్జ్ లోపలి ఇంపిడెన్సుకు పది రెట్లు అన్నది మొదలుపెట్టడానికి మంచి అంకె. 12 ఓమ్‌ల కార్ట్రిడ్జ్‌కి 100–150 ఓమ్‌లు. డీఎల్-103 లోపల 40 ఓమ్‌లు, దానికి 400 దరిదాపు. ఎంసీ వోల్టేజిని పెంచి ఎంఎం ఇన్‌పుట్‌కు ఇచ్చే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ వాడేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. 1:10 ట్రాన్స్‌ఫార్మర్ వెనక 47 కిలోఓమ్‌ల ఎంఎం ఇన్‌పుట్ ఉంటే కార్ట్రిడ్జ్‌కి కనిపించే లోడు (47,000ను 10 వర్గంతో భాగిస్తే) 470 ఓమ్‌లు. డీఎల్-103కి చక్కగా సరిపోతుంది. అదే 1:20 పెడితే లోడు 117 ఓమ్‌లకు పడిపోతుంది, సంకేతంలో పావు వంతు లోపలే కరిగిపోయి ధ్వని నీరసిస్తుంది. రెట్లు ఎక్కువైతే ఎప్పుడూ మంచిది కాదు.

## టర్న్‌టేబుల్: బెల్ట్, డైరెక్ట్, ఐడ్లర్

బెల్ట్ డ్రైవ్. మోటారు కంపనాన్ని రబ్బరు బెల్ట్ చాలావరకు ఆపేస్తుంది. నిర్మాణం సులువు కాబట్టి అదే డబ్బుకు మంచి ఆర్మ్, మంచి బేరింగ్ వస్తాయి. రేగా ప్లానార్ 3 దీనికి సరైన ఉదాహరణ. తేలికైన బల్ల, గాజు ప్లాటర్ (రికార్డు కూర్చునే పళ్లెం), ఆర్బీ330 ఆర్మ్. ప్రతికూలాలూ స్పష్టమే: బయటి విద్యుత్ పెట్టె లేకపోతే 45కు మార్చడానికి ప్లాటర్ ఎత్తి బెల్ట్ జరపాలి, హెడ్‌షెల్ ఊడదు, ఆర్మ్ ఎత్తు మార్చాలంటే కింద స్పేసర్లు పెట్టాలి. బెల్ట్ సాగితే వేగం తేడా వస్తుంది, కొన్నేళ్లకోసారి మార్చుకోవాలి.

డైరెక్ట్ డ్రైవ్. మోటారే ప్లాటర్‌ని తిప్పుతుంది. పియానో సుదీర్ఘ స్వరం, వేణువు నిలకడ అడిగే సంగీతానికి ఇది బాగా అమరుతుంది. మోటారు అడుగడుగునా కుదుపుతుందన్న పాత ఫిర్యాదును టెక్నిక్స్ 2016 తర్వాతి మోడళ్లలో ఇనుప గుండె లేని మోటారుతో తగ్గించింది. ఎస్ఎల్-1200జీఆర్‌లో ఆర్మ్ ఎత్తు తిప్పి మార్చే రింగు, ఊడే హెడ్‌షెల్, 78 వేగం ఉన్నాయి. రెండు మూడు కార్ట్రిడ్జ్‌లు మార్చి మార్చి వాడే మనిషికి దీన్ని మించిన సౌకర్యం లేదు.

ఐడ్లర్. గారార్డ్ 301 (1954), థోరెన్స్ టీడీ 124 (1957) వంటి పాతవి. రబ్బరు చక్రం ప్లాటర్‌ని తోస్తుంది. లయ పట్టు గొప్పగా ఉంటుంది. కానీ బరువైన ప్లింత్ (అడుగు దిమ్మ), నూనె, కొత్త ఐడ్లర్ చక్రం, తెలిసిన మెకానిక్ కావాలి. ఏదో ఒకటి తక్కువైతే గుర్రుమనే రంబుల్ మొదలవుతుంది. టీడీ 124 పాత పోత ఇనుము ప్లాటర్ ఎంసీల బలమైన అయస్కాంతాన్ని కిందికి లాగుతుంది. సూది మీద 2.5 గ్రాముల బరువు పెట్టామనుకుంటే రికార్డు మీద అంతకన్నా ఎక్కువే పడుతుంది.

వావ్, ఫ్లట్టర్ (ప్లాటర్ వేగంలో ఊగిసలాట) అంకెల పోలికకు ఎక్కువ పొద్దు పుచ్చక్కర్లేదు. రికార్డు మధ్య రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు జరిగితే, 100 మిల్లీమీటర్ల వ్యాసార్థం దగ్గర వేగం అటూ ఇటూ 0.5 శాతం ఊగుతుంది. 0.025 శాతం యంత్రానికీ 0.05 శాతం యంత్రానికీ మధ్య తేడా దీని ముందు ఏపాటి? నేల సంగతి అంతకన్నా ముఖ్యం. అడుగేస్తే అదిరే చెక్క నేల మీద స్ప్రింగుల టర్న్‌టేబుల్ ఎగురుతుంది. అక్కడ గోడకు కొట్టిన అల్మరా పెట్టాక మిగతా మాట.

## ఎవరికి ఏది

రోజూ వింటారు, సెటప్ ఒకసారి చేసి మరిచిపోవాలనుకుంటారు: ప్లానార్ 3 తరగతి బెల్ట్ డ్రైవ్, వీఎం95ఎంఎల్ లేదా 2ఎం బ్రాంజ్. ఎంసీ కోసం దాచిన డబ్బు ఫోనో స్టేజ్ మీద పెట్టండి.

పాత మోనో, 78 రికార్డులు కూడా ఉన్నాయి: ఊడే హెడ్‌షెల్ ఉన్న డైరెక్ట్ డ్రైవ్ తప్ప వేరే ఆలోచన వద్దు. 78లకు 65–75 మైక్రాన్ల మొన, తొలి రోజుల మోనో ఎల్పీలకు 25 మైక్రాన్ల మొన కావాలి. స్టీరియో సూదితో 78 వాయిస్తే గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది.

సెకండ్‌హ్యాండ్ రికార్డులే ఎక్కువ: మైక్రోలైన్ ఆశ్చర్యపరుస్తుంది. పాత కోనికల్ సూదులు అరగదీసిన చోటును వదిలి గోడలో ఇంకో ఎత్తున చదువుతుంది కాబట్టి కొన్ని అరిగిన రికార్డులు తేరుకుంటాయి. అన్నీ కాదు.

సంగీతం వెనక పొరలన్నీ వినాలి, ఖర్చుకు వెనకాడరు: ఎంసీకి వెళ్లండి, అయితే ఈ వరసలో. మొదట 10–14 గ్రాముల మంచి ఆర్మ్, తర్వాత 60 డీబీకి మించి ఇచ్చే నిశ్శబ్దమైన ఫోనో స్టేజ్, ఆ తర్వాతే కార్ట్రిడ్జ్. తలకిందులుగా కొంటే ఖరీదైన కార్ట్రిడ్జ్ రొద వెనక దాక్కుంటుంది.

ఇంట్లో పిల్లలు, అందరి చేతులూ పడే సెట్: ఎంసీ వద్దు. ఒక్క గుడ్డ తగులుకుంటే కాంటిలీవర్ విరుగుతుంది. సూది మారే ఎంఎం అయితే ప్రాణం తెరిపిన పడుతుంది.

## బిగించేటప్పుడు తప్పేది ఎక్కడ

కార్ట్రిడ్జ్ స్క్రూ రంధ్రాల మధ్య దూరం 12.7 మిల్లీమీటర్లు, స్క్రూలు ఎం2.5. వైర్లు తెలుపు ఎడమ ప్లస్, నీలం ఎడమ మైనస్, ఎరుపు కుడి ప్లస్, ఆకుపచ్చ కుడి మైనస్. వాటిని పట్టకారుతో తొడిగేటప్పుడు సూదికి కవచం ఉంచండి.

మొదట సూది మీద పడే బరువు. 0.01 గ్రాము చూపే డిజిటల్ తూకం, రికార్డు ఉండే ఎత్తులోనే పెట్టి కొలవాలి. కంపెనీ 1.8 నుంచి 2.2 అంటే 2.0 పైన పెట్టండి. తక్కువ బరువు రికార్డును కాపాడుతుందన్నది అపోహ. బరువు చాలక సూది గోడను వదిలి మళ్లీ గుద్దుకున్నప్పుడే గాడి పాడవుతుంది. చలి గదిలో రబ్బరు బిగుసుకుంటుంది, 20 డిగ్రీలు దాటాకే తీర్పు చెప్పండి.

తర్వాత ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల అట్ట). బేర్వాల్డ్ లెక్కలో రికార్డు మధ్య నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర కాంటిలీవర్ గీతలకు సమాంతరంగా నిలవాలి. చూడాల్సింది కాంటిలీవర్ని, కార్ట్రిడ్జ్ ఒంటిని కాదు. కొన్నిట్లో కాంటిలీవరే కొద్దిగా పక్కకు ఉంటుంది. ఒకచోట సరిచేస్తే రెండోచోట తప్పుతుంది, రెండూ కుదిరేదాకా జరుపుతూ పోవడమే.

ఎదుటి నుంచి చూస్తే మొన నిలువుగా ఉండాలి. కింద చిన్న అద్దం పెడితే మొన, దాని నీడ ఒకే గీతలో కనిపించాలి. పక్క నుంచి ఆర్మ్ రికార్డుకు సమాంతరంగా ఉంటే చాలు. షిబాటా, మైక్రోలైన్లకు ఆపైన అర మిల్లీమీటరు ఎత్తు, దించుడు చేసి వినడం వృథా కాదు. కోనికల్‌కైతే అదంతా అనవసరం.

పాత కార్ట్రిడ్జ్ కొంటున్నారా? షూర్ 2018లో ఈ వ్యాపారం మానేసింది కాబట్టి దాని కార్ట్రిడ్జ్‌లు డబ్బా విప్పనివి అంటూ అమ్మకానికి వస్తుంటాయి. డబ్బా విప్పకపోయినా లోపలి రబ్బరు ఏళ్లతో గట్టిపడుతుంది. సూది దించితే ఒళ్లు రికార్డు మీద కూలబడినా, కాంటిలీవర్ ఒక పక్కకు వంగినా, కొత్త డబ్బా ధర పెట్టొద్దు. షూర్ ఒంటికి జికో వంటి సంస్థలు చేసే కొత్త సూదులు దొరుకుతాయి. ఒంటికి, సూదికి విడివిడిగా ధర కట్టుకుని బేరమాడండి.